కింది పొయ్యి

పొద్దుటి షిఫ్టు దిగి, రెండు బస్సులు మారి, మంచులో బూట్లు ఈడ్చుకుంటూ శ్యామల ఇల్లు చేరేసరికి, కింది గదులకు వెళ్ళే పక్కతలుపు దగ్గర అమరేశ్వరరావు నిలబడి ఉన్నాడు. ఇంటి ఓనరు అక్కడ నిలబడ్డాడంటే ఏదో ఉందన్నమాటే. ఫ్రోజెన్ సమోసాల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్ది సర్ది ఆమె వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. తాళం కూడా ఆయనే తీశాడు.

"కిందికి కాదమ్మా, పైకి రా. కాఫీ పెట్టించాను."

కెనడాలోని ఈ బ్రాంప్టన్ ఇంటి బేస్‌మెంటులో దిగి ఏడాదిన్నర అయింది. పైకి రమ్మనడం ఇదే మొదలు.

సంగతేమిటంటే, అద్దె ఇళ్ళన్నింటినీ తనిఖీ చేయాలా వద్దా అని ఊళ్ళో పెద్ద రగడగా ఉంది. ఏ ఇంట్లో ఎంతమంది ఉంటారు, తనిఖీలొస్తే అద్దె పెరుగుతుందని భయపడుతున్నారా, ఓటున్నవాళ్ళు ఎటు వేస్తారు అని లెక్క తీయడానికి ఒక యూనివర్సిటీ వాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. అమరేశ్వరరావు తన ఇంటిని ఆ సర్వేలో తనే రాయించాడు. ఇంటిపెద్ద మాటే ఇంటి మాట అని ఆయన నమ్మకం. పుట్టినప్పటినుంచీ చూసింది అదే మరి.

"నువ్వు నా చెల్లెలివి. కింద నీతో ఉండే కాలేజీ పిల్లలు కావ్యశ్రీ, భవిత నాకు మేనకోడళ్ళు. ఒకటే కుటుంబం, ఒకటే వంట, తనిఖీలు మాకొద్దు. అంతే చెప్పు. వాళ్ళిచ్చే గిఫ్టు కార్డు కూడా నువ్వే ఉంచుకో."

ఆయన్ని బొత్తిగా చెడ్డవాడనడానికీ లేదు. విండ్సర్‌లో దిగిన కొత్తలో, కార్ల విడిభాగాల షెడ్డులో పనిచేసే రోజుల్లో, ఇలాంటి నేలగదిలోనే నలుగురు వంతులేసుకుని ఒక్క పరుపు మీద పడుకునేవాళ్ళు. లేచినవాడి వేడి ఆరకముందే ఇంకొకడు వాలేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆయన కళ్ళు తడుస్తాయి. కానీ ఇంటి లోనుకు వడ్డీ పెరిగిన ఏడాది, కింద ఉన్న రెండు గదులు మూడయ్యాయి. నెలకు మనిషికి ఆరువందల యాభై డాలర్లు.

పైన వంటగదిలోకి కింది వాళ్ళు రాకూడదు. వాళ్ళ వంట, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన కరెంటు పొయ్యి మీద. పోపు వేసినప్పుడల్లా పొగ అలారం కూస్తోందనీ, భార్య రత్నకుమారికి తలనొప్పి వస్తోందనీ ఆయనే స్టూలెక్కి దాన్ని ఊడబీకాడు. ఉన్న ఒక్క కిటికీకి చలిగాలి రాకుండా చెక్క కొట్టాడు. పోయిన మంగళవారం ఆ పొయ్యి వైరు అంటుకుంది. నైట్ షిఫ్టు చేసొచ్చిన భవిత ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. ఆ రోజు శ్యామలకు సెలవు కాబట్టి సరిపోయింది. పొగలో తడుముకుంటూ వెళ్ళి, పిల్లను జబ్బపట్టి మెట్లెక్కించింది. అమరేశ్వరరావు మర్నాడే వైరు మార్పించాడు. అలారం ఊసెత్తలేదు.

సర్వేకి వచ్చిన అమ్మాయి పేరు తేజశ్రీ. ఒట్టావా పక్కన కనాటాలో పుట్టి పెరిగింది. బూట్లు విప్పి, ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని కూర్చుంది. మొదటి ప్రశ్నలన్నిటికీ అమరేశ్వరరావే జవాబు చెప్పాడు.

"సారీ అంకుల్, ఒక్కొక్కర్నీ సెపరేట్‌గా అడగాలి. అది రూల్."

"మా ఇంట్లో సెపరేట్ ఏముందమ్మా," అని నవ్వాడే గానీ సోఫాలోంచి కదల్లేదు. వంటింట్లో రత్నకుమారి కుళాయి కట్టేసింది. పేర్లు ఎవరికీ చెప్పబోమని తేజశ్రీ శ్యామలకు చెప్పింది. ఎవరికో చెప్పడమెందుకు, వినకూడని మనిషి ఎదురుగానే కూర్చున్నాడు.

"ఆంటీ, మీరు ఎవరి స్టవ్ మీద కుక్ చేసుకుంటారు? మా స్టడీలో ఒక స్టవ్ అంటే ఒక హౌస్‌హోల్డ్."

జనవరి నెల. ఈ చలిలో ముగ్గురికి గది ఎక్కడ దొరుకుతుంది? తన వర్క్ పర్మిట్ ఇంకో ఆర్నెల్లే. పిల్లలకు పరీక్షలు. ఒకటే వంట అంటే ఈ రాత్రికి మంచం ఉంటుంది, ఇంకో మంగళవారం తను ఫ్యాక్టరీలో ఉండగా మళ్ళీ వైరు అంటుకోనూవచ్చు. కాఫీ మీద మీగడ కట్టింది. ఆమె ముట్టుకోలేదు.

"మా పొయ్యి వేరేనమ్మా. కిందున్నది. రా, చూపిస్త."

అమరేశ్వరరావు మొహాన నవ్వు అలాగే ఉంది. "అలిసిపోయినట్టున్నావు శ్యామలా. పడుకో పో. రేపు మాట్లాడుకుందాం," అన్నాడు మెత్తగా.

"మంగళవారం భవిత గూడ అలిసే పండుకున్నది సార్."

ఆమె ముందు నడిచింది. మేజోళ్ళ కాళ్ళతో తేజశ్రీ వెనకే మెట్లు దిగింది. ఆయన వెంట రాలేదు. సగం మెట్లు దిగేసరికి హాల్లోంచి ఫోన్‌లో ఆయన మాటలు వినిపించాయి. గొంతు తగ్గించుకోలేదు.

"ఆఁ, బాగున్నారా. మన దగ్గర ఒకటో తారీఖు నుంచి మూడు బెడ్లు ఖాళీ అవుతున్నాయండీ. ఎవరైనా ఉంటే చెప్పండి. ఆడపిల్లలైతే మేలు, గొడవుండదు."

తేజశ్రీ ఆగి శ్యామల వంక చూసింది. కింద చీకట్లో దుప్పటి కదిలింది. నిద్రకళ్ళతో భవిత తలెత్తి, "ఎవరాంటీ, ఏమైంది?" అంది.

ఆ పిల్లను ఒక్కమాట అడగకుండానే ఆమె మంచం కూడా పందెం ఒడ్డినట్టు శ్యామలకు అప్పుడు తట్టింది. ఫర్నేసు గది తలుపు బార్లా తీసి, సర్వే అమ్మాయికి దారిచ్చి నిలబడింది.