చెయ్యి చురుక్కుమనేదాకా

పొద్దున్నే కుట్టుమిషను మీద కవరు తీసి, ఆవిడ గిరాకీ గుడ్డలన్నిటినీ ఒక్కొక్కటే తడిమి చూస్తుంది. ఇవ్వాల్సిన రోజు దూరంగా ఉంటే గుడ్డ చల్లగా ఉంటుంది. దగ్గరపడేకొద్దీ వేడెక్కుతుంది. ఆ వీధిలో ఎవరి గుడ్డయినా అంతే.

"ఇంకా చల్లగానే ఉందా అక్కా? అయితే వచ్చేవారం వస్తాలే," అని గుడ్డలిచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు.

గోరువెచ్చగా ఉన్నప్పుడు మొదలుపెడితే కుట్టు ముత్యాల్లా పడుతుంది. ఆవిడకి మాత్రం చెయ్యి చురుక్కుమంటేగానీ కత్తెర కదలదు. ఆ కంగారులో కాలర్లు వంకరపోతాయి.

"నువ్వు కుట్టిన చొక్కా వేసుకుంటే మా ఆయన ఎప్పుడూ పక్కింటివైపే చూస్తున్నట్టుంటాడు," అంది ఒకామె. "కాలరు సరిచేస్తావా, ఆయన్నే తిప్పి కుడతావా?"

కూతురి నీలం గుడ్డ రెండేళ్లుగా బీరువా అడుగున చల్లగా పడి ఉంది. "ఎప్పుడైనా కుట్టమ్మా, తొందరేం లేదు," అంది మరి ఆ పిల్ల. తన గురించి ఏదడిగినా అదే మాట. నిన్నటి నుంచి కడుపునొప్పి అంటోంది.

"ఈ స్కూలు యూనిఫారాలు ఇచ్చేశాక డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది తల్లి.

"సరే, తొందరేం లేదు."

మర్నాడు ఉదయం దారం కోసం బీరువా తెరిస్తే సెగ ముఖాన కొట్టింది. నీలం గుడ్డ ముట్టుకుంటే వేళ్లు కాలాయి.

"దీనికి గడువెవరు పెట్టారే?"

"నేనైతే పెట్టలేదమ్మా." కూతురు మంచం మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

బల్ల మీద నలభై యూనిఫారాలు కాలిపోతున్నా ఆవిడ అటు చూడలేదు. పక్కింటాయన్ని కేకేసి, పిల్లని ఆయన కారులో ఎక్కించింది.

డాక్టరు పొట్ట కుడివైపు నొక్కి చూసి, వెంటనే ఆపరేషన్ అన్నాడు. అది అయ్యాక బయటికొచ్చి చెప్పాడు: "అపెండిక్స్. పగిలేదేనమ్మా. సాయంత్రం దాకా ఆగి తెచ్చి ఉంటే నేనేమీ చెప్పలేకపోయేవాణ్ణి."

ఆవిడ డాక్టరుకి దణ్ణం పెట్టింది. అంతలో స్కూలు నుంచి ఫోనొచ్చింది.

"మధ్యాహ్నానికి ఇస్తానన్నారు కదండీ?"

"ఇవాళ కాదండీ. ముందే మొదలుపెట్టాల్సింది. తప్పు నాదే."

మర్నాడు కూతురు దిండుకి ఆనుకుని కూర్చుంది. జుట్టంతా చిక్కు. తల్లి వెనక చేరి పాయలు విడదీసింది.

"ఇంటికెళ్లాక దువ్వుదువుగానీలే అమ్మా, తొందరేం లేదు."

"కదలకు," అంది తల్లి. అప్పటికే మొదటి చిక్కు విడిపోయింది.