చలికాలం దారులు

పదుమీ ఆయితా జకోయిని గార్డు మోకాలికేసి ఫెళ్ళున విరిచాడు. జకోయి అంటే చేపలు దేవే వెదురుబుట్ట. ఆయితా, మా నాయనమ్మ, లాక్కోబోయింది. తోశాడు. గేటు దగ్గర పడి ఆమె చెయ్యి విరిగింది.

"కాగితం ఏదే ముసలీ? కాగితం లేనిదే లోపలికి రాకూడదు!"

అడవిని ఆనుకుని ఉన్న ఆ బీల్‌లో, బ్రహ్మపుత్ర పొంగితే నిండే ఆ చిత్తడిలో, యాభై ఏళ్ళు చేపలు పట్టిన మనిషి ఆమె. ఇప్పుడక్కడ బోర్డు: 'రక్షిత ప్రాంతం. నడకదారి దిగరాదు.' ఊళ్ళో మొదటి డిగ్రీ నాది కాబట్టి చదివి వినిపించింది నేనే. ఆ పూట నా చదువంటే నాకే రోత పుట్టింది.

సాయంత్రం ఊరంతా నామ్‌ఘర్ ముందు, మా భజనశాల ముందు, చేరాం.

"కంట్రాక్టరు ఫుకన్‌కి దారులు చూపించింది ఈవిడే కదా!" అంది తరులత. "ఇప్పుడు ఏడ్చేం లాభం?"

నిజమే. చలికాలంలో ఫుకన్ కొలతలకు వచ్చాడు. ఇంటికొచ్చినవాడికి పోకచెక్క పెట్టి, దారి చివరిదాకా నడిచి సాగనంపడం చేపలు పట్టే మా కైవర్తుల మర్యాద. ఆయితా అతన్ని ప్రతి కాలిబాటా తిప్పింది. అతను వెనకాలే మేకులు పాతుకుంటూ వచ్చాడు. ఆ బాటల మీదే మట్టి పోసి టూరిస్టుల కోసం నడకదారి వేశాడు, దాని చివర అడవి చూసే గోపురం లేపాడు. నదిలోంచి చేప ఎక్కే కాలవ నోరు పూడ్చేశాడు. చేప రాకపోతే మాకు కూడు లేదు.

"చూపించాను," అంది ఆయితా, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "వాడడిగినవి చలికాలం దారులు. నది పొంగే జేఠ నెలలో అవి ఏమవుతాయో వాడడగలేదు, నేను చెప్పలేదు. వాడి ప్రారంభోత్సవం ఎప్పుడే, చదువుకున్నదానా?"

"జూన్ అయిదు."

ఎవరో పకాలున నవ్వారు.

"గేటు తగలబెడదాం!" అన్నాడు బిరేన్.

"ఎందుకురా? ఏటా చేసే పనే చేద్దాం. కాలవ నోరు తీద్దాం. తీసేముందు ఏటా అందర్నీ తప్పుకోమని కేకేస్తాం. ఈసారి కేక ఉండదు. అంతే."

"మనుషులు పోతే?" అన్నాను.

"నీళ్ళు నడుము దాటవే. బురదే కదలనివ్వదు. చివర గోపురం ఉందిగా, ఎక్కి కూచుంటారు. పిట్టల్ని చూడ్డానికేగా వచ్చేది!"

జూన్ అయిదున పెద్దమనుషులు గోపురం ఎక్కేదాకా ఆగాం. అప్పుడు నలభై మంది ఆడవాళ్ళం కాలవ నోటి దగ్గర ఒక్కసారి పారలు దించాం. ఎర్రనీళ్ళు విరుచుకుపడ్డాయి. నడకదారి పిండిముద్దలా కరిగిపోయింది. వాన మొదలైంది. దిగబోయి బురదలోంచి మళ్ళీ ఎక్కిన పెద్దమనుషులు గోపురం మీద బూట్లలోంచి జలగలు పీక్కుంటున్నారు. మా కళ్ళు చల్లబడ్డాయి.

ఆయితాని పడవలో కూచోబెట్టుకుని కాస్త దూరంలో ఆగాను.

"ఓ ఆయితా! పడవ ఇటు తీసుకురా! దారి చూపించు!" అరిచాడు ఫుకన్.

"లోపలికి రావాలంటే మాకు కాగితం కావాలంటగా బాబూ?"

"రాసిస్తా! ఇప్పుడే రాసిస్తా!"

"నాకు చదవడం రాదే," అంది ఆయితా. నేను పడవ వెనక్కి తిప్పాను.

సర్కారు పడవ వచ్చి వాళ్ళను దించేసరికి పొద్దు వాలింది.

మర్నాడు పోలీసులొచ్చారు. "గండి కొట్టిందెవరు?"

"కాలవ నోరు తీశాం. ఏటా తీస్తాం," అంటూ లేచింది ఆయితా.

ఆమెని జీపెక్కించారు. మేం వెనకాలే నడిచాం. స్టేషన్ అధికారి దారోగా జీపులోంచి తల బయటికి పెట్టాడు.

"మీరెక్కడికి?"

"సాగనంపడానికి," అంది తరులత. "చివరిదాకా నడవడం మా మర్యాద. మీరామెని వదిలేదాకా స్టేషన్ వాకిట్లోనే ఉంటాం."

దారోగా మా వెనక దారంతా చూశాడు. "ఇంతేనా? మిగతా వాళ్ళేరీ?"

"బీల్‌లో ఉన్నారు," అన్నాను. "జకోయిలు దించారు."