సుంకులమ్మ కోరిన చెంబు

జ్యేష్ఠ బహుళమునందు నల్లమల శిఖరములపై మేఘములు మూగి కురియుటకు మనసురాక నిలిచియుండగా కుందూ నదీతీరమున వీచు పడమటిగాలి నల్లరేగడి దుమ్మును లేపి నంద్యాల పట్టణపు ముంగిళ్ళలో కుప్పలుగా పోయుచుండెను. ఆషాఢము ప్రవేశించినచో క్రొత్తయిండ్లు చేరుటకు మంచి దినములుండవు గనుక జనులు త్వరపడి పాతయిండ్లు విడుచుచుండిరి. ప్రతివీథియందును కాళ్ళు విరిగిన కుర్చీలును చిల్లుపడిన బకెట్లును అట్టలూడిన పుస్తకములును యజమానులచే త్యజింపబడి ఎండలో పడియుండెను. అట్టి దినములలో మద్దిలేటికి భోజనము చేయుటకైనను తీరికయుండెడిది కాదు.

మద్దిలేటి ముప్పది సంవత్సరములుగా విడిచిపోవువారి యిండ్లను ఖాళీచేయు వృత్తియందుండెను. ఇనుమును కొలిమికిని కాగితమును అట్టల మిల్లునకును చినిగిన చీరలను బొంతలు కుట్టు స్త్రీలకును ఇత్తడిని కంచరికిని చేర్చి నదియొడ్డున పొగలు చిమ్ముచుండు చెత్తదిబ్బకు పిడికెడు తుక్కైనను పోనీయకుండుట ఆతని వ్రతము. ఒకమారు సీసామూత యొకటి మురుగుకాలువలో జారిపడగా మోకాలిలోతు దిగి వెదకి తెచ్చినవాడని పట్టణమున చెప్పుకొందురు. నిలువదగిన వస్తువు లోకమున నుండగా క్రొత్తదానిని కొనుట భూమికి చేయు ద్రోహమని ఆతడు తలచెను. ఆ తలంపు మంచిదే. కాని వ్రతము పట్టినవారికి దూరమునందలి నది కనబడినట్లు ప్రక్కనున్న మనిషి కనబడదు. మద్దిలేటి విషయమున జరిగినదియు నదియే.

ఆతని భార్య సుంకులమ్మ తెచ్చిన సామాను నంతయు చెట్టునీడను కూర్చుండి వేరుచేయునది. ఆమె బడిముఖ మెరుగదు. అయినను పాత్రలపై కొట్టించిన పేర్లను వ్రేలితో తడవి తడవి అక్షరములు నేర్చెను. పెండ్లికానుకగా వచ్చిన బిందెలనుండి కొన్నియు గృహప్రవేశపు పళ్ళెములనుండి కొన్నియు ఏరుకొని తన పేరునకు వలయు నక్షరముల నన్నింటిని ఆమె యెరిగియుండెను గాని ఆ పేరు మొత్తముగా నొక్కచోట నున్నట్లు ఏనాడును చూచి యెరుగదు. వారి యింట అన్నముడుకు గిన్నెమీద ఒక రైల్వే ఉద్యోగి భార్య పేరుండెను. నీళ్ళబిందెపై ఎవరిదో ఉపనయనపు తేది యుండెను. ఆ యిల్లాలు ముప్పదియేండ్లు పరుల పేర్లలో వండి పరుల పేర్లను తోమి బోర్లించినది.

దుమ్ములో గడిపిన ఆయుర్దాయము తుదకు ఆమె రొమ్మును పట్టెను. దగ్గు వచ్చినచో ఊపిరి తిరుగుటకు గడియపట్టెడిది. వైద్యుడు పరీక్షించి మద్దిలేటిని వెలుపలికి పిలిచి ఇక ఆమె కోరినది పెట్టుమని చెప్పెను. ఆతడు లోపలికి వచ్చి ఏమి కావలెనని యడిగెను. ఆమె తినుట కేమియు నడుగలేదు.

"ఒక్క చెంబు. కొత్తది. దాని మింద నా పేరు కొట్టిచ్చు. నా పేరు ఎట్లుంటాదో ఒకసారి సూసుకుంటా."

మద్దిలేటి సరేయనెను. పాత్రల దుకాణము వరకు పోయెను. అచ్చట వరుసలుగా తళతళలాడు చెంబులను చూడగానే తన కొట్టములో ఉపయోగపడక పడియున్న చెంబులన్నియు జ్ఞప్తికి వచ్చి కాళ్ళు వెనుకకు లాగెను. పేరే గదా ఆమె కోరినది చెంబు పాతదైన నేమి యని మనసును సమాధానపరచుకొని వెనుదిరిగెను. కొట్టములో వెదకి నాజూకైన యొక ఇత్తడిచెంబును తీసి చింతపండుతో బంగారువలె తోమి పేర్లుకొట్టు హుస్సేన్ పీరా యొద్దకు కొనిపోయి పాతపేరును రాచివేసి సుంకులమ్మ పేరు చెక్కుమనెను. రేకు పలుచగానున్నదని పీరా సందేహించెను. మద్దిలేటి వినలేదు. పీరా ఆకురాయితో రాచి ఉలితో చుక్కచుక్కగా ఆమె పేరును చెక్కి యిచ్చెను.

మరునాటి ఉదయమున ఆతడా చెంబును భార్యచేతిలో నుంచెను. సుంకులమ్మ మొదట పేరును చూచెను. ఆమె ముఖము పెండ్లినాటి కాంతిని పొందెనని చెప్పిన అసత్యము కాదు. పెదవులు కదల్చి అక్షరమక్షరముగా చదివికొని అలవాటుచొప్పున వ్రేలితో తడవెను. పేరుక్రింద రేకు గుంటపడియుండెను. ఆ వ్రేలు ముప్పదియేండ్లు పాత్రలను చదివిన వ్రేలు. అది యచ్చటనే ఆగిపోయెను.

"ఈడ ఎవురి పేరుండె?"

మద్దిలేటి కల్లలాడుట యెరుగనివాడు గనుక వెంగమాంబదని చెప్పెను. ఆరేండ్ల క్రిందట పోయిన ముసలి వితంతువు వెంగమాంబ. ఆమె యింటిని ఈ దంపతులే ఖాళీచేసిరి. అడుగువారు లేకపోవుటచే ఆమె బట్టలు బొంతలయ్యెను. ఉత్తరములు అట్టలయ్యెను. తక్కిన పాత్రలు కొలిమి చేరెను. చెంబొక్కటి మాత్రము ముచ్చటగా నున్నదని సుంకులమ్మయే దాచిపెట్టినది.

"ఆయమ్మకు బిడ్డల్లేరు. పేరంటూ మిగిలిండేది దీని మిందనే. దాన్ని గీకి నాది పెట్టిస్తివా? నాకొద్దయ్యా. ఆయమ్మ పేరు ఆయమ్మకు పెట్టిచ్చు."

ఆమె కోపపడలేదు. ముఖము గోడవైపునకు త్రిప్పుకొనెను. అంతకంటె కోపమే మేలు.

మద్దిలేటి పరుగున పీరా యొద్దకు పోయెను. పీరా తల యడ్డముగా నూపి నూపి చివరకు బలవంతముమీద ఆకురాయి నెత్తెను. సుంకులమ్మ పేరు చెరిగినది. దానితోపాటు రేకు కరిగి వ్రేలు పట్టునంత చిల్లు పడినది. మాటు వేయవచ్చును గాని మాటుమీద అక్షరము నిలువదని పీరా తెలిపెను. ఇరువురి స్త్రీల పేర్లను పోగొట్టి తుదకు నీళ్ళైనను నిలువని యా పాత్రను తువ్వాలులో చుట్టుకొని మద్దిలేటి ఇల్లు చేరెను.

"పెట్టిచ్చినావా?" అని సుంకులమ్మ కన్నులు తెరువకయే యడిగెను.

"పెట్టిచ్చినా."

అది ఆతడు ఆమెతో చెప్పిన మొదటి యబద్ధము. ఆమె తృప్తిగా నిట్టూర్చెను. రెండుదినములు గడచిన పిమ్మట ఆమె కన్నుమూసెను.

కర్మ ముగిసిన మరునాడు మద్దిలేటి తన యింటినే ఖాళీచేసెను. చీరలు బొంతల వారికి పోయెను. చెప్పులు తోళ్ళవానికి పోయెను. మందుసీసాలు కడుగబడి గాజువానికి పోయెను. ఒక్క పూటలో పని తీరినది. చెత్తదిబ్బకు చారెడైనను చేరలేదని ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి. ఆతడు ఆ మాటలు విని తలుపు మూసికొని తన భార్యదని చూపుట కొక్క వస్తువైనను ఇంట మిగులకపోయెనే యని బిగ్గరగా నేడ్చెను.

చిల్లు చెంబు మాత్రము తువ్వాలులో నుండెను. ఆతడు దానిని కంచరి యొద్దకు తీసికొనిపోయి కరిగింపుమనెను. మూసలో అది యెర్రనై జారి కరిగి నీరయ్యెను. కరిగిన లోహమున కెవరి పేరును లేదు. దానితో పోసిన చెంబు పాత ఇత్తడియే యైనను క్రొత్తచెంబే. వేలకొలది పాత్రలను అదే కొలిమికి చేర్చిన మద్దిలేటికి ఆ సంగతి తెలియనిది కాదు. ఆమె బ్రదికియుండగా మాత్రము తోచలేదు. దుకాణపు చెంబు కొనకయే వ్రతము చెడకయే ఆమె కోరిక తీరియుండెడిది. ఆ యెరుక ఆతనిని తన్నినంత గట్టిగా కాలుడైనను తన్నలేదు.

పోతపోసిన క్రొత్తచెంబుపై పీరా పైవరుసను వెంగమాంబ పేరును క్రిందివరుసను సుంకులమ్మ పేరును చెక్కెను. చెక్కి ఆచారము చొప్పున ఇచ్చినవారి పేరేమి వ్రాయవలెనని యడిగెను.

"ఇచ్చినోని పేరొద్దులే పీరా. సుంకులమ్మ అడిగినప్పుడు ఈలేదు."

ఇల్లు చేరి మద్దిలేటి చెంబును నీటితో నింపి ఆమె మంచముండిన చోట నుంచెను. మిక్కిలి దాహముగా నుండెను. ఆ చెంబు నెత్తి త్రాగుటకు మాత్రము ఆతనికి చేయి రాలేదు.