మూడు చెట్లూ ఇండికాలే

1987లో నాచారంలోని ఓ ప్రైవేటు బడిలో విక్టోరియా సైన్సు టీచరు. ఆవరణలోని మూడు చెట్లకూ శాస్త్రీయ నామాల పలకలు పెట్టించమని హెడ్మాస్టరు వెంకటరామయ్య హుకుం జారీ చేశారు. ప్రారంభోత్సవానికి ఓ రిటైర్డు బాటనీ లెక్చరరు వస్తున్నారు. పేర్లు సరిగ్గా ఉంటే ఆమె ఉద్యోగం పర్మినెంటు. తప్పితే హాజరుపట్టీలోంచి ఆమె పేరే తప్పిస్తారు.

ఉప్పల్ చౌరస్తాలో పెళ్ళి బోర్డులు రాసే సామ్యేలు పొద్దున్నే పలకలు రాసి చెట్లకు కొట్టేశాడు. మామిడికి ‘ఇండికా’. వేపకూ ‘ఇండికా’. చింతకూ ‘ఇండికా’! మామిడి దగ్గర విక్టోరియా మాడు పట్టుకుంది. వేప దగ్గర హెడ్మాస్టరు తనను వేపుకు తింటున్నట్టే తోచింది. చింతచెట్టు కిందికొచ్చేసరికి మిగిలింది చింతే.

"సామ్యేలన్నా! రెండ్రెండు మాటలు రాసిస్తే ఒక్కొక్కటే రాసినవేంది?"

"ముందటివి ఇంటిపేర్ల లెక్కనే ఉన్నయ్ గద చెల్లే! పలకలు సూస్తే చిన్నగున్నయ్. గల్లీల ఎవలన్న ఇంటిపేరు వెట్టి పిలుస్తరా?"

"మన చర్చిల దానమ్మలు ఎంతమంది?"

"నలుగురు."

"పాస్టరుగారు ‘దానమ్మా, ప్రార్థన చెయ్యి’ అంటే?"

"నలుగురు లేస్తరు..." సామ్యేలు నాలుక కరుచుకున్నాడు. "అరె, మస్తు పరేషాన్ జేస్తినే!"

"ఒకప్పుడు ఒక్కో మొక్కకు బారెడు లాటిన్ వర్ణననే పేరు. స్వీడన్ల లిన్నేయస్ అనేటాయన రెండు మాటలకు దించిండు. ఇంటిపేరు ముందు, సొంతపేరు ఎనక."

"అచ్చం మన తీరే! తెలుగాయననా ఏంది?"

"వేపకు ఆయన వెట్టిన ఇంటిపేరు తర్వాతోళ్ళు మార్చిన్రు."

"దత్తత పోయిందను!"

"నవ్వులాట కాదన్నా, గంటల సారొస్తడు!"

పలకల మీద ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరానికే చోటుంది. పొడి అక్షరం చెల్లుతుంది, కానీ ముందు ఎక్కడో ఒకచోట పూర్తిగా రాసి ఉండాలి. సామ్యేలు చుట్టూ చూశాడు. ప్రతి చెట్టుకూ సిమెంటు అరుగుంది. ఎర్రరంగు డబ్బా, కుంచె అందుకున్నాడు.

లెక్చరరు సుబ్రహ్మణ్యం గోదావరి జిల్లా మనిషి. మామిడి ముందు ఆగి అరుగు మీద ‘మాంజిఫెరా’, పలక మీద ‘ఎం. ఇండికా’ చదివారు. వెనకే హెడ్మాస్టరూ వంగి చదివారు.

"ఇదేంటండీ టీచరుగారూ, ఇంటిపేరు అరుగు మీద రాయించారు?"

ఆమె నోరు తెరిచేలోగా సామ్యేలు అందుకున్నాడు. "ఇంటిపేరు ఇంటి ముంగట ఉంటేనే అందం సార్!"

ఆయన పకపకా నవ్వి, నవ్వు ఆపుకోలేక అరుగు మీదే చతికిలబడ్డారు. లేచేసరికి తెల్లటి పంచె వెనక ఎర్రగా, తిరగబడి, ‘మాంజిఫెరా’!

"ఓరి నాయనో! నన్నూ మామిడి వంశంలో కలిపేశారు!" పిల్లలు ఈలలేశారు. "వెంకటరామయ్యగారూ, లిన్నేయస్‌ను ఇలా పంచెకి అంటించే టీచరు మళ్ళీ దొరకదు. వదులుకోకండి!"

హెడ్మాస్టరు ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వారు. "పర్మినెంటేనండీ, పర్మినెంటే!"

సామ్యేలు కిరసనాయిలు గుడ్డతో పరుగెత్తుకొచ్చాడు. "తుడుస్తా సార్."

"ముట్టుకున్నావంటే ఊరుకోను. మా ఆవిడకు చూపించాలి!"