కాటా గది లైను

గోడౌన్ లైను మళ్ళీ బిగుసుకుపోయింది. ఆవిడ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కళ్ళజోడు పైకి నెట్టుకుని, కుడిచేతి చూపుడువేలొక్కదానితో పీఎమ్-అడ్మ్ అని కమాండు కొట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలోనూ రెండో వేలు వాడటం అలవాటు కాలేదు. ఫోన్లో గోడౌన్ గుమస్తా ఒకటే గోల.

"అక్కా, తెర మీద ఏమీ రావట్లేదక్కా. మీటలన్నీ నొక్కి చూశాను."

"అన్నీ ఎందుకు నొక్కావయ్యా? ఒకటి నొక్కితే చాలదూ? హార్మోనియమనుకున్నావా?"

గుమస్తా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. లైను మూసింది, మళ్ళీ తెరిచింది. "ఇప్పుడు నొక్కు. ఒక్కటి! ఒక్కటే!" అని అరిచింది. అవతల తెర మీద పేరు అడుగుతూ అక్షరాలు వచ్చినట్టున్నాయి, థాంక్స్ కూడా చెప్పకుండా పెట్టేశాడు.

ఆ గది యార్డు ఆఫీసులో పై అంతస్తు చివర ఉంది. కిటికీ ఒకటే, అదీ సగం తీగలతో నిండిపోయింది. నడుమెత్తు ఇనపపెట్టె లాంటి పాత యూనిక్స్ కంప్యూటరు మూలన రొద పెడుతూ ఉంటుంది. దాని కోసమని ఏసీ ఎప్పుడూ నడుస్తుంది, దాని పుణ్యమా అని ఆవిడ మండుటెండల్లోనూ స్వెట్టరు వేసుకుని కూర్చుంటుంది. మెషీనుకి ఉన్న మర్యాద మనిషికి లేదని ఆవిడ ఫిర్యాదు. నిజానికి ఆ ఫిర్యాదు వినేదీ ఆ మెషీనే.

ఆవిడ పని చెప్పుకుంటే చాలా చిన్నది. యార్డులో గేటు దగ్గర, గోడౌన్లో, లెక్కల గదిలో, కాటా గదిలో పెట్టిన తెరలన్నీ తీగలతో ఈ పెట్టెకే వేలాడుతుంటాయి. ఏ తీగ చివర ఎవరు మీట నొక్కుతారా అని కాచుకుని కూర్చునే ప్రోగ్రామును పోర్ట్ మానిటర్ అంటారు. మీట నొక్కగానే అది పేరడిగి, పాస్‌వర్డడిగి, మనిషిని లోపలికి పంపుతుంది. ఏ తీగకి కాపలా కాయాలో, దేనికి అక్కర్లేదో దానికి చెప్పాల్సింది ఆవిడ. ఆడపడుచు పిల్లలు "నువ్వేం ఉద్యోగం చేస్తావత్తా?" అనడిగితే "తలుపులు తీస్తాను, మూస్తాను" అనేది. వాళ్ళు వాచ్‌మన్ ఉద్యోగం అనుకున్నారు. అనుకోనీ, జీతం కూడా ఇంచుమించు అంతేగా.

గోడౌన్ గొడవ తీరగానే లోపల ఎవరెవరున్నారో చూపించే కమాండు కొట్టింది. రోజూ పదిసార్లయినా కొడుతుంది, ఎవరూ అడక్కపోయినా సరే. పేర్లు వరసగా వచ్చాయి. ఒక్కో పేరు పక్కన చుక్క ఉంటే ఆ మనిషి ఇప్పుడే ఏదో కొట్టాడని. చుక్క పోయి అంకెలొస్తే అంతసేపుగా చేతులు ముడుచుకుని కూర్చున్నాడని. అన్నిటికన్నా కింద కాటా గది. పక్కన చుక్క ఉంది.

"ఆ, ఉన్నారు మహానుభావులు," అంది మెషీనుతో.

కాటా గదిలో ఉండేది ఆవిడ భర్త. లారీ వచ్చి ఇనపపలక మీద నిలబడితే బరువు చూసి తెర మీద ఎక్కిస్తాడు. భారీ మనిషి, మీసానికి రంగేస్తాడు, తలకి వెయ్యడు. ఎందుకండీ అంటే, జనం మొహమే చూస్తారు గానీ నెత్తి చూస్తారా అంటాడు. పిల్లలు పుట్టలేదు. ఆ దిగులు ఆవిడకే గానీ ఆయనకి లేదు, డ్రైవర్లందరూ బాబాయ్ బాబాయ్ అని చుట్టూ చేరతారు. వాళ్ళ మూలంగా ఆవిడ కూడా లారీల వాళ్ళందరికీ పిన్ని అయిపోయింది.

రెండు నెలలుగా ఆ మనిషి మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుంటాడు. ఏమైందంటే గ్యాసంటాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నీళ్ళు నములుతాడు. మొదటిసారి బాగా బతిమాలి ఒప్పిస్తే, తీరా టైముకి లారీ టైరు మార్చడానికి సాయం వెళ్ళానన్నాడు. రెండోసారి ఆవిడ ఆసుపత్రి వరండాలో సాయంత్రమంతా ఎదురుచూసింది, ఈయన టీ కొట్టు బల్ల మీద కూర్చుని పేకాట చూస్తున్నాడు. ఆడటం కూడా కాదు, చూస్తున్నాడు! మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా.

ఆ వేళ పొద్దున్నే మళ్ళీ ఆ మాటే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి డాక్టరుని అడిగి పెట్టానని ఆవిడంది. చూద్దాంలే అన్నాడాయన. ఆ 'చూద్దాంలే'తో ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "మీకేమన్నా అయితే నేనేం కావాలో అదీ చూద్దాంలే అనండి!" అని వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా సర్దింది. ఆమె బయటికొచ్చేసరికి ఆయన లేడు, ముందే బయల్దేరిపోయాడు. ఎప్పుడూ ఇద్దరూ కలిసే వచ్చేవారు.

మధ్యాహ్నానికి మేనేజరు ఆవిడ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మంచివాడే, చలికి భయపడి లోపలికి రాడంతే. "అమ్మా, రేపు పొద్దున అన్ని చోట్లా కొత్త కంప్యూటర్లు పెడుతున్నారు. ఈ సాయంత్రానికి పాత లైన్లన్నీ మూసేయండి. మళ్ళీ ఎవరూ పాతదాన్లోకి పోకూడదు."

"అందరూ పని ముగించుకున్నాకా, ఇప్పుడేనా సార్?"

"మీ వీలుని బట్టి. సాయంత్రానికి అయిపోతే చాలు."

మీ వీలు అనగానే ఆవిడకి ఒక ఉపాయం తట్టింది. డబ్బా తెరిచి అన్నం తింటూ దాన్నే ఆలోచించింది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది, రోజూ ఆయన వచ్చి కూర్చుని కూరలో ఉప్పు లేదనే కుర్చీ. ఇవాళ అలిగి రాలేదు. అలగాల్సింది తను, అలిగింది ఆయన, బాగుంది వరస.

కాపలా కాసే ఆ ప్రోగ్రాముకి ఒక గుణముంది. లైను మూసేయమంటే కొత్తగా వచ్చేవాళ్ళని రానివ్వదు గానీ, అప్పటికే లోపలున్నవాళ్ళ జోలికి పోదు. వాళ్ళు ఎంతసేపైనా పని చేసుకోవచ్చు. తమంతట తాము లాగౌట్ అయ్యారా, ఇక అంతే, మళ్ళీ లోపలికి పోలేరు. యార్డులో ఇంకో నియమం కూడా ఉంది. కాటా గదిలో కుర్చీలోంచి లేస్తే లాగౌట్ చేసి తీరాలి. ఒకసారి ఈయన టీకి వెళ్ళినప్పుడు ఓ డ్రైవరు తన లారీ బరువు తనే కొట్టేసుకున్నాడు. అప్పుడు ఆ నియమం పెట్టింది, కాటా గది గోడకి దాన్ని అంటించింది ఆవిడే. ఈయన ఎన్నింటికి ఎగనామం పెట్టినా దానికి మాత్రం పెట్టడు, పరువు పోయిందని అప్పట్లో నిద్రపోలేదు పాపం.

అంటే ఇప్పుడే కాటా లైను మూసేస్తే? ఆఖరి లారీ వచ్చేదాకా మనిషి కుర్చీలోంచి కదలడు. టీ కొట్టుకి పోడు. టైరు మార్చడానికి పోడు. నాలుగు కొట్టగానే తను వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కుపోవచ్చు.

డబ్బా మూసి, చెయ్యి కడుక్కుని వచ్చి ఒక్కో లైనూ మూయడం మొదలుపెట్టింది. పీఎమ్-అడ్మ్, గీత, డీ, అంటే మూసెయ్యమని. గేటు అయింది. గోడౌన్ గుమస్తా "అయ్యో అక్కా, ఇంకో రెండు చీటీలున్నాయి" అంటే ఆగి మరీ మూసింది. లెక్కల గదిలో అమ్మాయి అడక్కుండానే బయటికొచ్చేసింది. మూసిన ప్రతి లైను పక్కనా ఎక్స్ గుర్తు పడింది. కాటా లైను మూశాక ఫోను చేసింది.

"లైను మూసేశాను. మీరు లోపలే ఉన్నారు కాబట్టి పని నడుస్తుంది. లాగౌట్ మాత్రం అవకండి, మళ్ళీ రాలేరు."

"ఇంకో లారీ ఉందోయ్ రావాల్సింది."

"అందుకే చెప్తున్నా. అది తూచేదాకా కూర్చోండి. తర్వాత నేనొస్తాను, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి."

ఆయనకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "అయితే నన్ను కట్టేశావన్నమాట."

"కట్టేయక? తాడు వదిల్తే దొరుకుతారా మీరు?"

ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. పొద్దున్నుంచీ ఆవిడ మనసులో ఉన్న ముడి ఆ నవ్వుతో కాస్త వదులైంది. ఆ సంగతి తెలియనివ్వకుండా ఫోను పెట్టేసింది.

మూడు దాటాక మళ్ళీ ఫోను మోగింది.

"ఏమోయ్, కాసేపు అలా బయటికెళ్ళి వస్తాను. లైను తెరిచి పెట్టు."

"కుదరదు."

"ఐదు నిమిషాలు. ఊరికే గాలికి."

"ఫ్యానుందిగా నెత్తిన."

"తిరుగుతూనే ఉంది. అయినా చెమట పోస్తోంది."

"నాకు తెలీదా మీ గాలి! గాలికని వెళ్ళి టీ కొట్టులో తేలతారు. ఇన్నాళ్ళు మీ వెనకాల తిరిగి నా కాళ్ళరిగాయి. లారీ వచ్చేదాకా లేవడానికి వీల్లేదు, అంతే!"

అవతల ఊపిరి చప్పుడు వినిపించింది.

"సరేలే," అన్నాడు. "లేవను."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆవిడ అనుకోలేదు. ఈ మూత, తీత ఎన్నేళ్ళ నుంచో చేస్తోంది గానీ తన సొంతానికి పనికి రావడం ఇదే మొదలు. సంచీలో ఆసుపత్రి చీటీ ఉందో లేదో చూసుకుంది, దువ్వెన తీసి తల సవరించుకుంది. లోపల ఎవరున్నారో చూసే కమాండు కొట్టింది. ఆయన పేరొక్కటే మిగిలింది. దాని పక్కన చుక్క లేదు. అంకెలొచ్చాయి.

"అలిగారు," అంది.

స్వెట్టరు విప్పి కుర్చీకి వేసింది. మళ్ళీ కొట్టింది. అంకెలు పెరిగాయి. కునుకు తీస్తున్నట్టున్నాడు, కూర్చోమంటే నిద్రపోవడం ఒకటి. తీయనీ, డాక్టరు దగ్గర హుషారుగా ఉంటాడు. అప్పుడు కింద నుంచి లారీ హారను వినబడింది. ఆగి ఇంకోసారి. తర్వాత వదలకుండా మోగుతూనే ఉంది.

"ఓరి దేవుడా, హారనుకి కూడా లేవకపోతే ఎలా!"

మెట్లు దిగి యార్డు దాటింది. దారిపొడవునా తిట్టుకుంటూనే ఉంది. కుంభకర్ణుడన్నా కాస్త నయం, ఆరు నెలలకోసారి తనే లేచేవాడు. లారీ కాటా పలక మీద నిలబడి ఉంది. హారను ఆగిపోయింది. డ్రైవరు గది గుమ్మం దగ్గర, లోపలికి పోకుండా, బయటికి రాకుండా నిలబడి ఉన్నాడు.

"పిన్నీ," అన్నాడు. లోపలికి చెయ్యి చూపించాడు.

ఆయన కుర్చీలోనే ఉన్నాడు. వీపు ఆనించి, తల కొంచెం పక్కకి వాల్చి, రెండు చేతులూ మీటల పక్కన బల్ల మీద పెట్టుకుని. ఒంటి మీది పాత చొక్కా మెడ దగ్గర తడిసి ఉంది. తెర బరువు కోసం ఎదురుచూస్తోంది. లాగౌట్ అవలేదు.

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "లేవండి," అంది. కొంచెం ఊపింది. "లేవద్దన్నానని... ఇప్పుడు నేనే చెప్తున్నాగా, లేవండి. లైను తెరుస్తాను. మీరు ఎంతసేపు తిరిగొచ్చినా ఏమీ అనను. ఇదిగో, ఇప్పుడే వెళ్ళి తెరుస్తాను."

డ్రైవరు ఏడుస్తూ జనాన్ని పిలవడానికి పరిగెత్తాడు. గోడౌన్ గుమస్తా వచ్చాడు, మేనేజరు వచ్చాడు, కంపెనీ జీపు వచ్చింది. నలుగురూ పట్టుకుని ఆయన్ని కుర్చీలోంచి లేపారు. మేనేజరు "అమ్మా, మీరూ జీపెక్కండి" అన్నాడు. ఆవిడ తలూపి, బల్ల మీదికి వంగి, చూపుడువేలితో ఆయన పేరున లాగౌట్ కొట్టింది. నియమం ఆవిడ పెట్టిందేగా. తెర నల్లబడి, మళ్ళీ ఎవరి పేరూ అడగలేదు.

బయటికి వెళ్ళబోతూ తలుపు లాగితే, దాని వెనక మేకుకి ఏదో ఊగింది. ఆయన మంచి చొక్కా, పెళ్ళిళ్ళకి వేసుకునే నీలం గీతల చొక్కా. పొద్దున తను గిన్నెలు సర్దుతుండగా, నాలుగింటికని తీసుకొచ్చి ఉంటాడు. పెళ్ళయింది మొదలు ఇస్త్రీపెట్టె ముట్టుకోని మనిషి, తనే చేసుకున్నట్టున్నాడు. బొత్తాలన్నీ పెట్టి ఉన్నాయి, కాలరు నిలబడి ఉంది, కుడిచేతి మీద మడత వంకరగా పోయింది.