మూత తియ్యకండి

మా ఇంట్లో నీళ్లు కాచేది నేను. పెళ్లయిన నాటి నుంచీ అంతే. మొదటి బకెట్ అత్తగారికి, రెండోది మా ఆయనకి, మూడోది మరిదికి. నా వంతు వచ్చేసరికి గిన్నె అడుగున మిగిలిన గుక్కెడు, పైన కలుపుకున్న చన్నీళ్లు. ఆ తర్వాత టైలరింగ్ షాపుకి పోయి పొద్దుగూకేదాకా బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరిస్తాను. అక్కడ అందరూ నన్ను మాస్టరమ్మ అంటారు. పేరు గొప్పే, నడుమే దిబ్బ.

అందుకే, తొందరపని ఒకటి గట్టెక్కించిన సంతోషంలో మా పాత కస్టమర్ ఒకావిడ, "ఈ ఆదివారం మా ఫ్లాట్ ఖాళీగా ఉంది మాస్టరమ్మా. సొంత టెర్రస్, దాని మీద హాట్ టబ్. ఒక రాత్రి ఉండి రండి" అన్నప్పుడు నాకు ఫ్లాటూ వినబడలేదు, టెర్రస్సూ వినబడలేదు. మెడ దాకా వేడినీళ్లు, అవీ నేను కాచనివి. అదొక్కటే వినబడింది.

"సాయంత్రానికి కాగుతాయి. మూత మాత్రం ఊరికే తియ్యకండి, వేడంతా పోతుంది" అని చెప్పి తాళం నా చేతిలో పెట్టింది.

ఈ సంగతి మా ఆయన ఒక్కడికే చెప్పాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం బయల్దేరేసరికి అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వెనకాలే మరిది.

"మనిద్దరమే కదండీ వెళ్తోంది?" గొంతు తగ్గించి అడిగాను.

"అమ్మ ఒకసారి చూస్తానంది. మోకాళ్ల నొప్పులు కదా, పాపం."

"మరి మీ తమ్ముడు?"

"సంచీ మోయడానికి."

సంచీ నా చేతిలో ఉంది.

ఫ్లాట్ చివరి అంతస్తులో ఉంది. హాల్లోనే ఒక పక్క వంటగది, ఎదురుగా గోడంత అద్దాల తలుపు, ఆ తలుపు దాటితే టెర్రస్. నాలుగు పూలకుండీలు, బట్టల తీగ, మూలగా చెక్కపలకలు బిగించిన గుండ్రటి తొట్టి. దాని మీద పరుపంత మందాన మూత. పక్కనే చిన్న పెట్టెలో ఎర్రటి అంకెలు. నేను స్విచ్ వేశాను. లోపల మోటారు గుర్రుమంది.

అత్తగారు తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "ఇదేమిటే, కుడితి తొట్టిలా! ఇందులో మనుషులు కూర్చుంటారా? దుంపల్లా ఉడికిపోరూ?"

"ఈ అంకె ముప్పైతొమ్మిదికి రావాలత్తయ్యా. అప్పుడు దిగాలి. అందాకా ఎవరూ మూత తియ్యకండి."

ముగ్గురూ బుద్ధిమంతుల్లా తలలూపారు. తల ఊపడంలో ఆ వంశానికి ఏనాడూ లోటు లేదు. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె కనబడితే చాలు, దారినపోతూ ఎత్తి చూడకపోతే వాళ్లకి కాలు ముందుకు సాగదు. మూత పెట్టి ఉందంటే లోపలేదో దాచినట్టే లెక్క.

టీ పెట్టి, పక్కల మీద దుప్పట్లు పరిచి వచ్చేసరికి అత్తగారి చెయ్యి మోచేతి దాకా తొట్టిలో ఉంది.

"చల్లగానే ఉన్నాయే అమ్మాయ్!"

"మీరిలా తెరిస్తే చల్లగా కాక ఇంకెలా ఉంటాయత్తయ్యా?"

"బాగుంది, చూస్తే తరిగిపోతాయా?"

"తరిగిపోతాయి. మొత్తుకుంటున్నదే అది."

మూత మూసి లోపలికెళ్లాను. నాలుగు గుడ్లు ఉడకేసి వచ్చేసరికి మరిది మూత సగం మడిచిపెట్టి, సెల్‌ఫోన్ పైకెత్తి రకరకాలుగా వంగుతున్నాడు.

"ఒక్క ఫొటో వదినా! మూతని ఫొటో తీసి పెడితే ఎవడు చూస్తాడు చెప్పు?"

"ఎవడూ చూడకపోతే నీళ్లు కాగుతాయి నాయనా!"

అంకె ముప్పై మీదికి ఎక్కడం, ఎవరో ఒకరు మూత ఎత్తడం, అది మళ్లీ కిందికి జారడం. పాకుడు రాళ్ల మీద నడక అయింది నా బతుకు. అడిగితే ఎవరూ ముట్టుకోలేదట! నీడ అటు తిరిగే దాకా చూసి చూసి, ఇక లాభం లేదని కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి, మూత మీద రెండు చేతులూ పరిచి, గుడ్ల మీద కోడిలా కాపలా కూర్చున్నాను. అలా వాలి కూర్చోవడంతో నడుము ఇంకో రెండు చోట్ల పట్టేసింది. నొప్పి పోగొట్టుకోవడానికొచ్చి కొత్త నొప్పి కొని తెచ్చుకున్నది నేనొక్కత్తినే అయ్యుంటాను.

అంతలో మోటారు చప్పుడు ఆగిపోయింది. ఎర్ర అంకెలు ఆరిపోయాయి. తల తిప్పితే మా ఆయన. చేతిలో స్క్రూడ్రైవర్.

"ఏం చేశారు?"

"ఆపాను. అదేపనిగా తిరిగితే మోటారు కాలిపోతుంది. కాస్త రెస్టివ్వాలి. ఎన్నేళ్ల సర్వీసు నాది!"

మా ఆయన ఫ్రిజ్ మెకానిక్. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"మీ సర్వీసంతా చల్లబెట్టడంలో కదండీ! ఇది వేడిచేసే మిషను!"

"మిషను ఏదైనా మిషనేనే..."

లేచి స్విచ్ వేశాను. స్క్రూడ్రైవర్ లాక్కుని పూలకుండీలో గుచ్చాను. ఆయన్ని భుజం పట్టి లోపలికి నెట్టి, అద్దాల తలుపు లాగి, బయటి గడియ పెట్టేశాను. లోపల అత్తగారి నోరు ఆడుతోంది గానీ మాట బయటికి రావడం లేదు. మందపాటి అద్దం. ఇంతకాలం ఇలాంటి అద్దమొకటి నా జీవితంలో లేకపోయింది.

పొద్దు వాలింది. ఎవరూ మూత ఎత్తకపోతే నీళ్లు ఎంత బుద్ధిగా కాగుతాయో అప్పుడు చూశాను. ముప్పైతొమ్మిది వచ్చింది. ఒంటి మీదున్న పాత నైటీతోనే తొట్టిలో దిగాను. మోకాళ్లు, నడుము, భుజాలు, మెడ. అమ్మా! ఎక్కడెక్కడ నొప్పి ఉందో, అది పోతుంటే తెలిసింది.

టకటకమని అద్దం మీద చప్పుడు. ముగ్గురూ వరసగా నిలబడ్డారు, చేపల్లా నోళ్లు తెరుస్తూ మూస్తూ. ఇల్లంటుకుందేమో అనుకుని తల ఎత్తాను. అత్తగారు నీళ్ల వైపు వేలు చూపించి, రెండు చేతులూ తిప్పింది.

వేడిగా ఉన్నాయా?

అదీ సంగతి. ఔనంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకరు కాళ్లు పెడతామంటారు, ఒకరు ఫొటో అంటారు, ఒకరు మోటారుకి రెస్టంటారు. గాలి వెచ్చగా ఉండడంతో ఆవిరి కూడా బయటపడలేదు. నేను భుజాలు దగ్గరికి ముడుచుకుని, పళ్లు కటకటలాడించి, తల అడ్డంగా ఊపాను.

చల్లగా ఉన్నాయి. గడ్డకట్టుకుపోతున్నాను.

'నేను ముందే చెప్పాను' అన్నట్టు అత్తగారు కొడుకుల వైపు తిరిగింది. ఆ ముఖంలో వెలుగు చూడాలి. మరిది సోఫాలో కూలబడ్డాడు. మా ఆయన మాత్రం కదల్లేదు. కాసేపు నన్నే చూశాడు, తప్పు చేసిన మెకానిక్ చూసినట్టు. తర్వాత వంటగది వైపు వెళ్లాడు.

అలమారాలన్నీ తెరిచి, అన్నిటికంటే పెద్ద గిన్నె వెతికి తీశాడు. నీళ్లు పట్టాడు. పొయ్యి ఎక్కడ వెలుగుతుందో తెలియక అన్ని మీటలూ తిప్పి, చివరికి వెలిగించి, గిన్నె పెట్టి, మూత వేశాడు. నా వైపు తిరిగి, ఆగు, తెస్తున్నా అన్నట్టు చెయ్యి చూపించాడు.

పెళ్లయ్యాక ఆ మనిషి నాకోసం నీళ్లు కాచడం అదే మొదలు. ఇంతలో ఆయన మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు. మూశాడు. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ ఎత్తాడు. అత్తగారు కూడా వెళ్లి వేలు ముంచింది.

"మూత తియ్యకండీ!" అని గొంతు చించుకుని అరిచాను.

అద్దం మందంది. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపి, ఈసారి మూత పూర్తిగా తీసి పక్కన పెట్టాడు.