ఐదో పాటలో నాలుగు లైన్లు

మారిబెల్ ఓకాంపో కొలంబియాలో పుట్టింది. సిడ్నీలో తొమ్మిదేళ్లు అక్కతో కలిసి స్పానిష్ పాప్ పాటలు పాడింది. ఎవరి గొంతు ఏదో చెప్పలేమని వినేవాళ్లు అనేవారు. పోయినేడాది అక్క నుంచి విడిపోయి, తన ఒక్కదాని పేరుతో మొదటి ఆల్బమ్ మొదలుపెట్టింది. తొమ్మిది పాటలు. రికార్డింగ్ సిడ్నీ శివారు పారమట్టాలో, వెంకీ స్టూడియోలో.

వెంకీ హైదరాబాద్‌లో సినిమా పాటలకు సౌండ్ ఇంజనీరుగా పనిచేసి వచ్చాడు. అక్కడి పద్ధతే ఇక్కడా పెట్టాడు. ముందు ట్రాక్ సింగర్ పాడుతుంది. అసలు గాయని అది విని పాడుతుంది. తర్వాత ట్రాక్ చెరిపేస్తారు.

ఈ ఆల్బమ్‌కు ట్రాక్ పాడింది హరిప్రియ. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆమె ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తుంది. స్పానిష్ రాదు. పాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని పాడింది. హైదరాబాద్‌లో పదకొండేళ్లలో రెండు వందలకు పైగా ట్రాకులు పాడింది. ఒక్కటీ బయటికి రాలేదు.

విడుదల శుక్రవారం. దానికి ముందు శనివారం పొద్దున వెంకీ ఆమెకు ఆల్బమ్ పంపాడు. వంటింట్లో పెట్టుకుని విన్నది. ఐదో పాట రెండో చరణంలో నాలుగు లైన్లు ఆమె గొంతులో ఉన్నాయి.

ఎలా జరిగిందో ఆమెకు తెలుసు. ఆ చరణం పాడాల్సిన రోజు మారిబెల్‌కు జలుబు. గాయని పాడలేనప్పుడు ట్రాక్‌ను అలాగే ఉంచి తర్వాత మార్చడం హైదరాబాద్‌లో అలవాటు. వెంకీ ఉంచాడు, మార్చడం మరిచాడు.

భర్త భానుప్రసాద్‌కు వినిపించింది. అతను మూడుసార్లు విన్నాడు.

"ఇది నువ్వా?"

"నేనే."

"పన్నెండేళ్లు కాపురం చేసినోణ్ని, నాకే తెలీలేదు. ఇంకెవరికి తెలుస్తుందే? ఊరుకో."

"ఆవిడ ఆల్బమ్ కదండీ."

"చెప్తే ఏం చేస్తారు? డిలీట్ చేస్తారు. ఇన్నేళ్లకి ఒక్కసారి మిగిలింది. ఉండనీ."

హరిప్రియ పాట ఆపేసింది. గిన్నెలు కడిగింది. పదకొండింటికి స్టూడియోకి వెళ్లింది. మారిబెల్ అక్కడే ఉంది, కవర్ ఫొటోలు చూస్తోంది.

"ఐదో పాటలో నాలుగు లైన్లు నీవి కావు," అంది హరిప్రియ ఇంగ్లీషులో. "నావి."

వెంకీ ఫైల్ తెరిచి చూశాడు. తల గోక్కున్నాడు.

"మర్చేపోయా అక్కా. ఫ్రైడే రిలీజ్ పెట్టుకుని ఇప్పుడు చెప్తున్నావేంటి?"

"నువ్వు పంపిందే ఇవాళ కదరా."

మారిబెల్ ఆ లైన్లు రెండుసార్లు విన్నది. "మా అక్క కూడా ఇలాగే పాడేది. అచ్చం నాలాగే," అంది. ఫైల్ సోమవారం దాకా మార్చవచ్చని వెంకీ చెప్పాడు. మారిబెల్ తనే పాడటానికి మైకు గదిలోకి వెళ్లింది.

నాలుగు లైన్లకు రెండు గంటలు పట్టింది. పద్నాలుగో టేక్ ఖాయం చేసింది. హరిప్రియ పాడిన పాతదే శుభ్రంగా ఉందన్నాడు వెంకీ. "నాదే ఉంచు," అంది మారిబెల్.

వెళ్లే ముందు హరిప్రియను అడిగింది. "నువ్వు నీలా పాడితే ఎలా ఉంటుంది?"

ఎవరు పాడబోతున్నారో వాళ్లలా పాడటమే ట్రాక్ సింగర్ పని. హరిప్రియను ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు.

"తెలీదు," అంది.

మారిబెల్ తలూపి, సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

"నీ లైన్లు కాపీ చేసిస్తా అక్కా," అన్నాడు వెంకీ. "ఉంచుకో. నీ గొంతు కదా."

"నా గొంతేంటి. ఆవిడలా పాడినవి. తీసెయ్."

వెంకీ తీసేశాడు. హరిప్రియ మైకు గది తలుపు తోసింది.

"ఏం పాడతావ్?" అన్నాడు.

"చూస్తా. నువ్వు రికార్డ్ చెయ్యకు."